అందరికీ ఒకే ఓటు ఉన్నా ఆస్తిపరుల మాటే ఎందుకు చెల్లుతుంది?

ప్రశ్న:
ఒక స్నేహితుడితో రెండు రోజులుగా వాదన నడుస్తోంది. అందరికీ ఓటు హక్కు వచ్చేసింది, ఇక ఎవరికి ఎంత ఆస్తి ఉంటే ప్రజాస్వామ్యానికి ఏంటట అంటాడు. నాకు మింగుడు పడటం లేదు. బూత్‌లో ఇద్దరూ సమానమే, సరే, బయటికొచ్చాక ఒకరి ఫోన్‌కి మంత్రి పలుకుతాడు, ఇంకొకరు అర్జీ పట్టుకుని తిరుగుతూనే ఉంటారు. చరిత్రలోంచి గట్టి ఉదాహరణలు ఉంటే చెప్పండి.

జవాబు 1:
ఆస్తీ ఓటూ ఎప్పుడూ వేర్వేరుగా లేవండీ. ప్రష్యాలో (జర్మనీలో అతిపెద్ద రాజ్యం) 1849 నుంచి 1918 దాకా కట్టే పన్నును బట్టి ఓటర్లను మూడు తరగతులు చేశారు. మొత్తం పన్నులో మొదటి మూడో వంతు కట్టే కొద్దిమంది ధనికులకూ, చివరి మూడో వంతు కట్టే లక్షలాది మందికీ ప్రతినిధుల ఎన్నికలో సరిసమానమైన వాటా! పైగా ఓటు అందరి ముందూ నోటితో చెప్పాలి. భూస్వామి ఎదురుగా ఉంటే కౌలుదారు ఇంకో పేరు ఎలా చెప్తాడు?

చిలీలో 1958 వరకు ఏ పార్టీ ఓటుచీటీ ఆ పార్టీయే ముద్రించి పంచేది కాబట్టి, పెద్ద ఎస్టేట్లలో ఎవరు ఎటు వేస్తున్నారో యజమానికి తెలిసిపోయేది. ఆ ఏడాది ప్రభుత్వమే అందరికీ ఒకే చీటీ ఇచ్చాక, ఎస్టేట్లలో బతికే కూలీలు ఎక్కువున్న చోట్ల భూస్వాముల పార్టీలకు ఓట్లు తగ్గిపోయాయి. మనుషులు వాళ్లే, మారింది చీటీ ఒక్కటే.

జవాబు 2:
ఆస్తినే శత్రువుగా చూడటం మాత్రం ఒప్పుకోను. సొంత ఇల్లు, కాస్త నేల ఉన్నవాడే ఎవరికీ జంకకుండా ఓటేస్తాడు. అన్నీ ప్రభుత్వం చేతిలోనే ఉంటే మీటింగ్‌కి హాలు కూడా ఆ ప్రభుత్వాన్నే అడగాలి. జపాన్‌లో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత భూసంస్కరణలతో కౌలు భూమి దాదాపు 46 శాతం నుంచి 10 శాతానికి దిగింది, కౌలుదార్లు సొంతదార్లయ్యారు. అక్కడ ఎన్నికలు నిలదొక్కుకోవడానికి అదీ ఒక కారణమని నా నమ్మకం.

ప్రశ్న అడిగినవారు:
నిజమే, ఉండే ఇల్లు వేరు, టీవీ చానళ్లు కొనగలిగేంత సంపద వేరు, నేను రెండూ కలిపేశాను. కానీ జపాన్‌లో అది యుద్ధంలో గెలిచి అక్కడ తిష్ట వేసిన అమెరికా ఆక్రమణ సైన్యం ఒత్తిడితో జరిగింది కదా. భూస్వాములే సభలో కూర్చున్నచోట ఓటుతో అవుతుందా?

జవాబు 1:
కష్టమే, కానీ అయింది. బ్రిటన్‌లో 1909 బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి లాయిడ్ జార్జ్ భూమి విలువ మీద పన్నులు పెడితే, భూస్వాములతో నిండిన లార్డ్స్ సభ (పార్లమెంటు ఎగువ సభ) తిప్పికొట్టింది. 1910లో రెండుసార్లు ఎన్నికలకు వెళ్లి, 1911 చట్టంతో ద్రవ్యబిల్లులను (పన్నులు, ఖర్చుల బిల్లులను) అడ్డుకునే లార్డ్స్ అధికారమే తీసేశారు. ఆ భూమి పన్నులు 1920లో రద్దయ్యాయి గానీ లార్డ్స్‌కి ఆ అధికారం మళ్లీ రాలేదు.

ఇప్పుడు అసలు గొడవ ఎన్నికల ఖర్చు దగ్గర. అమెరికాలో 2010 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, అభ్యర్థికి నేరుగా ఇవ్వకుండా విడిగా ప్రచారానికి కంపెనీలు ఎంతైనా ఖర్చు పెట్టొచ్చు. ముందు ఆ డబ్బు ఎవరిదో ఓటర్లకు తెలియాలి. దీనికైనా మీ స్నేహితుడు ఒప్పుకుంటారేమో అడిగి చూడండి.