బంతి వదిలితే గురుత్వ త్వరణం 9.8 రావాలి, నాకు 12.2 వస్తోంది. ట్రాకర్‌లో ఎక్కడ తప్పు చేశాను?

జెడ్పీ మేడం:
అందరికీ నమస్తే. తొమ్మిదో తరగతికి చలనం పాఠం చెబుతున్నాను. గ్రాఫులు బోర్డు మీద గీస్తే పిల్లలు చూసి దింపేస్తారు గానీ, ఈ గీత వాలు ఏం చెబుతోందిరా అంటే ఒక్కరూ నోరు విప్పరు. అందుకని ఈసారి ల్యాబ్‌లో ఉన్న ఒక్కగానొక్క కంప్యూటర్లో ట్రాకర్ (వీడియోలో వస్తువు కదలికని ఫ్రేము ఫ్రేముకీ కొలిచే సాఫ్ట్‌వేర్) వేయించి, బంతి పడే వీడియో మేమే తీసి, దాన్నుంచే గ్రాఫు గీయిద్దామని పూనుకున్నాను. గోడకి మీటరు స్కేలు టేపుతో అంటించాం, ఒక పిల్లాడు బల్లెక్కి టెన్నిస్ బంతి వదిలాడు, నేను ఫోన్లో తీశాను. ఒక్కో ఫ్రేములో బంతి మీద నొక్కుకుంటూ పోతే చుక్కలు ముద్దుగా వచ్చాయి, వంపు కూడా పుస్తకంలో బొమ్మలాగే ఉంది. తీరా గురుత్వ త్వరణం చూస్తే 12.2! బంతి మసగ్గా పడిందేమోనని స్లో మోషన్లో మళ్లీ తీశాను, ఈసారి 0.19. "మేడం, మనం చంద్రుడి మీదున్నామా?" అన్నాడు వెనక బెంచీ వాడు. చంద్రుడి మీద కూడా 1.6 ఉంటుందిరా అని మాత్రం అనగలిగాను. సోమవారం మళ్లీ అదే క్లాసు, టెన్షన్‌గా ఉంది.

రిటైర్డ్ మాస్టారు:
అమ్మా, ఒక రాయి, ఒక కాగితం ముక్క పడేసి చూపిస్తే పోయేదానికి ఇంత హంగామా ఎందుకు? మేము ముప్పై ఏళ్లు సుద్దముక్కతోనే చెప్పాం.

కాలేజీ సార్:
మాస్టారూ, రాయి ఒక మీటరు పడటానికి అర సెకను కూడా పట్టదు (0.45 సెకను). అంతలో వేగం పెరుగుతోందని కంటికి ఎలా తెలుస్తుంది? వీడియోలో ఆ మీటరు 13 ఫ్రేములవుతుంది, ఒక్కో చుక్కకీ మధ్య దూరం పెరుగుతూ పోవడం పిల్లలు వేలు పెట్టి చూపిస్తారు. నాకు కంప్యూటర్‌తో ఉన్న పని అంతవరకే.

మేడం, మూడు విషయాలు చెప్పండి. ఫోను బంతికి ఎంత దూరంలో ఉంది? బంతి గోడకి ఎంత ముందు పడింది? స్లో మోషన్ సెకనుకు ఎన్ని ఫ్రేములు? ఇంకోటి, ట్రాకర్ వంపుకి సరిపోయే సమీకరణం ఇచ్చినప్పుడు కాలవర్గం ముందున్న సంఖ్యని రెండుతో గుణించారా? అక్కడ వచ్చేది త్వరణంలో సగమే, చాలామంది 4.9 చూసి కంగారు పడేది అందుకే.

జెడ్పీ మేడం:
గుణించాను సార్, మొదటి వీడియోలో 6.1 వచ్చింది, రెట్టింపు చేస్తేనే 12.2. ఫోను బంతికి రెండు మీటర్ల దూరంలో ఉంది. బల్ల అడ్డం ఉంది కాబట్టి బంతి గోడకి అర మీటరు ముందు పడింది. స్లో మోషన్ 240 అని ఉంది.

కాలేజీ సార్:
అయితే మీ రెండు తప్పులూ దొరికాయి, పైగా లెక్క ఎంత కచ్చితంగా సరిపోయిందో చూడండి.

మొదటిది స్కేలు. ఫోను నుంచి బంతి 2 మీటర్లు, గోడ మీది స్కేలు 2.5 మీటర్లు. దూరంగా ఉన్న స్కేలు చిన్నగా కనిపిస్తుంది కదా, ట్రాకర్‌కేమో అదే మీటరని మీరు చెప్పారు. దాంతో బంతి పడిన ప్రతి దూరాన్నీ 2.5 బై 2, అంటే 1.25 రెట్లు ఎక్కువ కొలిచింది. 9.8ని 1.25తో గుణించండి: 12.25.

రెండోది కాలం. మీ ఫోను సెకనుకు 240 ఫ్రేములు తీసి, 30 చొప్పున ఆడే ఫైలుగా దాచింది. కాలం 8 రెట్లు సాగింది. త్వరణంలో కాలం వర్గం ఉంటుంది కాబట్టి 64 రెట్లు తగ్గుతుంది. 12.2ని 64తో భాగిస్తే 0.19. మీ వెనక బెంచీ వాడి చంద్రుడు ఇక్కడున్నాడు!

స్కేలుని బంతి పడే తలంలోనే, పక్కనే నిలువుగా వేలాడదీయండి. ఫోను మూడు మీటర్లు వెనక్కి జరిపి, చేత్తో కాకుండా పుస్తకాల దొంతికి ఆనించి పెట్టండి. స్లో మోషన్ ఫైలైతే క్లిప్ సెట్టింగ్స్‌లో ఫ్రేము రేటు 240 అని మీరే కొట్టండి. కొన్ని ఫోన్లలో ఫైలే 240తో ఉంటుంది, ముందు చూసుకుని మార్చండి.

తూనికరాయి:
గది చీకటిగా ఉంటే ఫోను ఫ్రేముల మధ్య వ్యవధి ఒకేలా ఉంచదు, పైగా బంతి తోకచుక్కలా సాగిపోతుంది. మీటరు పడేసరికి సెకనుకు 4.4 మీటర్ల వేగం, అరవయ్యోవంతు సెకను షట్టర్ తెరిచినా 7 సెంటీమీటర్ల మరక పడుతుంది, దాని మధ్య ఎక్కడని నొక్కుతారు? వరండాలో ఎండ పడే చోట తీయండి.

కంప్యూటర్ దొరకని రోజు ఫోన్‌తోనే ప్రయోగాలు చేయించే ఫైఫాక్స్ అనే యాప్ వేసుకోండి, జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్లది, ఉచితం. అందులో చప్పుడుతో నడిచే స్టాప్‌వాచ్ ఉంది: మొదటి టక్కుకి మొదలై రెండో టక్కుకి ఆగుతుంది. బంతి వదలడం ఒక చప్పుడు, నేల తాకడం ఇంకో చప్పుడు అయ్యేలా ఏర్పాటు చేసుకోవడమే కాస్త ఒడుపు.

జెడ్పీ మేడం:
సోమవారం క్లాసు అయిపోయింది! స్కేలుని వరండా చూరుకి వేలాడదీశాం, 9.6 వచ్చింది. స్లో మోషన్లో 9.5. నేను చేసిన మంచి పని ఏంటంటే పాత తప్పు వీడియోని పారేయలేదు. ముందు అదే పెట్టి, ఇది ఎందుకు తప్పో చెప్పండర్రా అన్నాను. పావుగంట గోల. ఒకమ్మాయి లేచి ఒక కన్ను మూసి, చేతిలో పెన్ను ముందుకీ వెనక్కీ జరుపుతూ గోడ మీది స్కేలుతో పోల్చి చూపించింది. నా క్లాసులో ఇన్నేళ్లలో ఆ మాత్రం భౌతిక శాస్త్రం నేను చూడలేదు.

రిటైర్డ్ మాస్టారు:
అదీ! ఇప్పుడు ఒప్పుకుంటాను. ఒక సలహా తల్లీ, గ్రాఫు తెర మీద పడకముందే ప్రతి పిల్లాడి చేతా కాగితం మీద ఊహించి గీయించు. చూపించాక "నేనూ అదే అనుకున్నా" అంటారు దొంగలు.

జెడ్పీ మేడం:
గీయించాను మాస్టారూ, సగం మంది ఏటవాలు సరళరేఖే గీశారు. దాని మీద ఒకడు పట్టుబట్టాడు, అలా సరళరేఖ వచ్చే పడిపోవడం అసలుందా అని. ఏం చూపించాలి?

తూనికరాయి:
బెలూన్. ఊది ముడేసి వదలండి. గాలి నిరోధం కాసేపట్లోనే బరువుతో సమానమై వేగం స్థిరపడుతుంది, స్థానం గ్రాఫు నిజంగానే సరళరేఖ అవుతుంది. అదే వీడియో తీసి ట్రాకర్లో పెట్టండి, ఫ్యాన్ మాత్రం ఆపి.

కాలేజీ సార్:
దానికి ముందు ఎక్సెల్లో బంతి పడటం లెక్క కట్టించండి. మూడు నిలువు వరుసలు: కాలం, వేగం, దూరం. పదో వంతు సెకనుకోసారి వేగానికి 0.98 కలపాలి, దూరానికి వేగంలో పదోవంతు కలపాలి. ఒక సెకనుకి 4.9 మీటర్లు రావాలి. పాత వేగంతో దూరం కడితే 4.41 వస్తుంది, కొత్త వేగంతో కడితే 5.39. ఎందుకు రెండూ తప్పాయో వాళ్లనే అడగండి, తర్వాత వ్యవధిని వందో వంతు సెకనుకి తగ్గించమనండి, 4.85, 4.95 వస్తాయి. అక్కడ నేను ఏమీ చెప్పను, వాళ్లే "ఇంకా తగ్గిద్దాం సార్" అంటారు.

జెడ్పీ మేడం:
కంప్యూటర్ ఒక్కటే సార్, పిల్లలు నలభై రెండు మంది.

కాలేజీ సార్:
పదో వంతు సెకను లెక్క పదే వరుసలు మేడం, నోట్‌బుక్కులో కట్టించేయండి. వందో వంతు వచ్చేసరికి విసుక్కుంటారు, అప్పుడు కంప్యూటర్ ఆన్ చేయండి.