1972 అంబాసిడర్‌కు చవక అల్యూమినియం రేడియేటర్: పెట్టించాలా, పాత రాగిదే బాగుచేయించాలా?

మార్క్‌టూ_గుంటూరు:
అందరికీ నమస్కారం. మా నాన్నగారి 1972 మార్క్ టూ అంబాసిడర్ ఇప్పుడు నా చేతికి వచ్చింది. 1489 సీసీ పెట్రోల్ ఇంజన్, ఇసుజు ఇంజన్‌కు మార్చలేదు. చలికాలంలో ఏ గొడవా లేదు. ఏప్రిల్ వచ్చిందంటే విజయవాడ వెళ్లాలంటేనే టెన్షన్. మంగళగిరి దాటేదాకా టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంటుంది. వారధి మీద ట్రాఫిక్‌లో ఆగితే ఐదు నిమిషాల్లో పైకి పాకుతుంది. పోయిన వారం ఆవిరి కక్కింది, రోడ్డు పక్కన బానెట్ ఎత్తుకుని ముప్పావు గంట నిలబడ్డాను. వచ్చేపోయేవాళ్లంతా "ఏ సంవత్సరం బండి సార్?" అని ఫొటోలు తీసుకున్నారు, నీళ్ల బాటిల్ మాత్రం ఒక్కరే ఇచ్చారు.

రేడియేటర్ షాపులో కోర్ (మధ్యలో గొట్టాలు, రెక్కలు ఉండే భాగం) పోయిందన్నారు. రాగి కోర్ కొత్తది వేయాలంటే 16,000, పది రోజులు. ఆన్‌లైన్‌లో అల్యూమినియం రేడియేటర్ 6,500కే ఉంది, "అంబాసిడర్‌కు నేరుగా సరిపోతుంది" అని రాశారు. బండికి యాభై ఏళ్లు దాటాయి కాబట్టి వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించాలని కూడా ఉంది. ఏం చేయమంటారు?

పద్మినీ_ప్రేమికుడు:
వద్దండీ. యాభై ఏళ్లు ఎండలో తిరిగిన బండికి ఇప్పుడు అల్యూమినియం ఎందుకు కావాల్సొచ్చింది? బానెట్ ఎత్తగానే ఆ తెల్లటి మెరుపు కనిపిస్తే పట్టుచీర మీద ప్లాస్టిక్ గాజులు వేసినట్టు ఉంటుంది. పైగా రాగి వేడిని ఎంత బాగా లాగుతుందో ఎనిమిదో తరగతి పిల్లాడికి కూడా తెలుసు. వింటేజ్ వాళ్లు చూస్తే బండి ఒరిజినల్ కాదని వెనక్కి పంపుతారు.

బెజవాడ_డైలీ:
ప్రేమికుడు గారూ, మీ పద్మిని కారు నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది? ఆదివారం పొద్దున ఆరింటికి బయటికి తీసి ఏడింటికి కవర్ కప్పేసేవాళ్లకు ఏ రేడియేటరైనా ఒకటే. నేను నా అంబాసిడర్‌ను రోజూ బెంజ్ సర్కిల్ మీదుగా తిప్పుతున్నాను. మూడేళ్ల కింద ఇలాంటి చవక అల్యూమినియం రేడియేటరే వేయించాను. మూడు ఎండాకాలాలు చూసింది, ఒక్కసారీ ఉడకలేదు. పాతది అటక మీద ఉంది. రేపు ఎగ్జిబిషన్‌కు పిలిస్తే నాలుగు బోల్టులు, రెండు హోస్‌లు, గంట పని.

పద్మినీ_ప్రేమికుడు:
మీది ఇసుజు ఇంజన్ బండి అని పాత పోస్టులో మీరే రాశారు. ఈయన ఇంజన్ వేరు. మీ అనుభవం ఈయనకెలా పనికొస్తుంది?

బెజవాడ_డైలీ:
అది నిజమే, ఒప్పుకుంటాను. ఎండ మాత్రం ఇద్దరికీ ఒకటే కదా.

రాగిపని:
మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్లు రేడియేటర్ల పనే చేశారు. నేను కంప్యూటర్ల వైపు వచ్చేసినా సెలవుల్లో ఆ మాటు (సోల్డరింగ్) పొగ పీల్చి పెరిగినవాణ్ని. అందుకని రాగినే వెనకేసుకొస్తానని అనుకోకండి.

పాత రేడియేటర్‌లో పైన ఒక ఇత్తడి ట్యాంకు, కింద ఒకటి, మధ్యలో ఇత్తడి గొట్టాలు, వాటికి అంటించిన రాగి రెక్కలు. అన్నిటినీ కలిపేది తగరం, సీసం మాటు. ఎన్నిసార్లు చెడినా బాగుచేయించుకోవచ్చు, దాని గొప్పతనం అదే. కానీ ఇప్పుడు "కొత్త రాగి కోర్" పేరుతో వేసేవన్నీ పాతవాటిలా ఉండవు. రాగి ధర పెరిగాక రెక్కలు పలచబడ్డాయి, దూరం దూరంగా వేస్తున్నారు. పాత కోర్ పక్కన పెట్టి అంగుళానికి ఎన్ని రెక్కలున్నాయో లెక్కపెట్టండి. తక్కువుంటే పదహారు వేలు పోసి పాతదానికన్నా నాసిరకం కొన్నట్టే.

ఇంకో మాట. కోర్ పోయిందని షాపువాళ్లు ఎలా తేల్చారు? పై ట్యాంకు మాటు కరిగించి తీసి చూశారా, చేత్తో తట్టి చెప్పారా? గొట్టాల్లో సన్నటి ఊచలు దూర్చి సున్నం రాల్చే పని ఒకటుంది, మా షాపులో రాడింగ్ అనేవాళ్లు. కొత్త కోర్ ఖర్చులో ఐదోవంతు కూడా కాదు. ముందు అది అడగండి.

పాత రేడియేటర్‌ను మాత్రం "ఎక్స్చేంజ్" అంటే ఇచ్చేయకండి. ఆ రాగీ ఇత్తడీ తూకానికి వెళ్తే మళ్లీ రాదు.

డాలస్_మస్టాంగ్:
నాది కృష్ణా జిల్లా, ఉండేది టెక్సాస్‌లో. 1966 మస్టాంగ్ ఉంది. ఇక్కడా జూలైలో నలభై డిగ్రీలు మామూలే. నేనూ చవక అల్యూమినియమే వేశాను, నాలుగేళ్లయింది.

ఎనిమిదో తరగతి లెక్క సంగతి చూద్దాం. రాగి ఉష్ణవాహకత 400 దగ్గర, అల్యూమినియం 235 దగ్గర, నిజమే. కానీ పాత రేడియేటర్‌లో నీళ్లను తాకేది రాగి కాదు, ఇత్తడి. అది 110 చుట్టూ ఉంటుంది. రెక్కకూ గొట్టానికీ మధ్య ఉన్న మాటు అంతకన్నా తక్కువ. అల్యూమినియంలో గొట్టాన్నీ రెక్కనూ కొలిమిలో బ్రేజింగ్ చేసి ఒకే ముక్కలా కలిపేస్తారు. గొట్టాలను వెడల్పుగా చేయొచ్చు కాబట్టి రెండు వరసలే మూడు నాలుగు పాత వరసల పని చేస్తాయి. అసలు వేడి ఆగిపోయేది లోహం దగ్గర కాదు, గాలి దగ్గర. రెక్కల మీదుగా గాలి పోకపోతే బంగారంతో చేయించినా ఉడుకుతుంది.

ఇక చవక సరుకు ఎక్కడ మోసం చేస్తుందంటే, లోహంలో కాదు, కొలతల్లో. నాకు జరిగింది చెప్తాను. మూత పెట్టే మెడ లోతు తేడా వచ్చింది. పాత మూతలు కొన్ని లోతైన మెడకు చేసినవి, కొత్త రేడియేటర్ మెడ పొట్టిది. ఒకదాని మూత ఇంకోదానికి పెడితే స్ప్రింగ్ సరిగ్గా కూర్చోదు. లీకెక్కడా లేకపోయినా నీళ్లు తగ్గిపోతుంటే నెల రోజులు హెడ్ గాస్కెట్ మీద అనుమానపడ్డాను.

మార్క్‌టూ_గుంటూరు:
ఇప్పుడే చూశాను. నా పాత మూత మీద 7 అని ఉంది. ఆన్‌లైన్ బొమ్మలో ఉన్నదాని మీద 0.9 అని ఉంది. అంటే ఏమిటి?

డాలస్_మస్టాంగ్:
7 అంటే పీఎస్‌ఐ, 0.9 అంటే బార్, రెండూ ఒత్తిడి కొలతలే. 0.9 బార్ అంటే 13 పీఎస్‌ఐ, దాదాపు రెట్టింపు. 7 పీఎస్‌ఐ ఒత్తిడిలో మామూలు నీళ్లు 111 డిగ్రీల దగ్గర మరుగుతాయి, 13 దగ్గరైతే 119. చూడ్డానికి లాభమే. కానీ ఆ ఒత్తిడి మీ పాత హోస్‌ల మీదా వాటర్ పంపు సీలు మీదా కూడా పడుతుంది. కొత్త రేడియేటర్ మెడకు సరిపోయే 7 మూత దొరికితే అదే పెట్టండి.

పద్మినీ_ప్రేమికుడు:
చూశారా, మూత మార్చాలి, మెడ చూడాలి, కొలతలు సరిచేయాలి. "నేరుగా సరిపోతుంది" అన్నది ఇదేనా? ఇంకా బోరు నీళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. అల్యూమినియంలో బోరు నీళ్లు పోస్తే రెండేళ్లలో చిల్లులు పడతాయి.

బెజవాడ_డైలీ:
ఈ ఒక్క మాటకు మీకు దండం. నేను కూడా ఇదే చెబుతాను. ఇనప ఇంజన్ బ్లాకు, అల్యూమినియం రేడియేటర్, మధ్యలో ఉప్పు నీళ్లు ఉంటే తినేస్తుంది. నేను డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోస్తాను, రెండేళ్లకోసారి మారుస్తాను. మన దగ్గర అంబాసిడర్ అంటే బిందెతో కుళాయి నీళ్లు పోయడమే అలవాటు. ఆ అలవాటు మానలేనివాళ్లు రాగితోనే ఉండండి.

రాగిపని:
రాగి ఉన్నవాళ్లకూ కూలెంట్ విషయంలో జాగ్రత్త కావాలి. ఎక్కువ కాలం మన్నే రకాలు కొన్ని పాత మాటుకూ పాత సీళ్లకూ పడవు. పాత తరం ఆకుపచ్చ రకం వాడి, గడువుకు మార్చుకోవడం మేలు.

ఇంకోటి. బ్యాటరీ మైనస్‌కు వోల్ట్ మీటర్ ఒక వైరు పెట్టి, రెండోది రేడియేటర్ నీళ్లలో లోహానికి తగలకుండా ముంచండి. ఇంజన్ ఆఫ్‌లో ఒకసారి, ఆన్ చేసి లైట్లు వేసి ఒకసారి చూడండి. 0.1 వోల్టు లోపు ఉంటే మంచిది. 0.3 దాటితే ఎర్త్ వైరు ఎక్కడో బాగోలేదు, కరెంటు నీళ్లలోంచి పోతోంది. అలాంటి బండికి అల్యూమినియం పెడితే పాపం రేడియేటర్‌ది కాదు.

నట్టూబోల్టూ:
వింటేజ్ గురించి భయపెడుతున్నారు కాబట్టి చెబుతున్నా. 2021 జూలైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు సవరించింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఒరిజినల్ రూపంలో ఉన్న బండికి వింటేజ్ గుర్తింపు ఇస్తారు. అందులో ప్రధానంగా చూసేది ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్ మార్చారా అని. రేడియేటర్ ఆ జాబితాలో లేదు. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత ఐదేళ్లకు 5,000. నంబర్ ప్లేటు మీద రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది.

కానీ గుంటూరు గారూ, వింటేజ్ బండిని రోజువారీ పనులకు రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, మరమ్మతు లాంటివాటికే. అది చేయించుకున్నాక వారధి మీద ట్రాఫిక్‌లో ఆగే యోగమే మీకుండదు, ఇక ఈ చర్చెందుకు?

మార్క్‌టూ_గుంటూరు:
హహ్హ. అయితే వింటేజ్ ఆలోచన పక్కన పెట్టేశాను. మా అమ్మ విజయవాడ చుట్టాలింటికి ఈ బండిలోనే వస్తానంటుంది.

రాగిపని:
అయితే డబ్బు ఖర్చు పెట్టే ముందు ఒక ఆదివారం ఖర్చు పెట్టండి. టెంపరేచర్ గన్ అప్పు తెచ్చి, ఇంజన్ బాగా వేడెక్కాక ఆపేసి, రేడియేటర్ ముఖం మీద పైనుంచి కిందికి, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు చూడండి. మధ్యలో చల్లటి మచ్చలుంటే అక్కడ గొట్టాలు మూసుకుపోయాయి. చల్లారాక బ్లాకు పక్కనున్న డ్రెయిన్ ట్యాపు విప్పండి, నీళ్లు ఎలా వస్తాయో చూడండి. ఫ్యాను బెల్టు బిగువు, టైమింగ్ (స్పార్క్ పడే సమయం) సరేసరి. టైమింగ్ వెనక్కి పోయినా ఇంజన్ ఇలాగే వేడెక్కుతుంది.

మార్క్‌టూ_గుంటూరు:
చేశాను. అందరూ కూర్చోండి.

ఒకటి: కోర్ కింది భాగంలో, కుడి పక్క దాదాపు మూడో వంతు చల్లగా ఉంది. పైన 88, ఆ మచ్చ దగ్గర 50 దాటలేదు.

రెండు: బ్లాకు ట్యాపు విప్పితే ఒక్క చుక్క రాలేదు. తీగ పెట్టి కెలికితే ముందు మట్టి, తర్వాత తుప్పు ముద్దలు, ఆ తర్వాత టీ డికాక్షన్ లాంటి నీళ్లు. నాలుగో సిలిండర్ చుట్టూ ఎన్నేళ్ల సరుకు దాచుకుందో. గంటన్నర పైపుతో నీళ్లు కొట్టాను. మా వాకిలి ఎర్రగా అయిపోయి అమ్మ చేత తిట్లు తిన్నాను.

మూడు: థర్మోస్టాటే (ఇంజన్ వేడిని బట్టి నీళ్లను రేడియేటర్‌కు వదిలే వాల్వు) లేదు. ఎప్పుడో ఎవరో పీకేశారు.

పద్మినీ_ప్రేమికుడు:
ఇంకేం, బ్లాకు కడిగేశారు కదా. రాడింగ్ చేయించి, థర్మోస్టాట్ పెట్టించి పాతదానితోనే తిరగండి. అల్యూమినియం అక్కర్లేదని తేలిపోయింది.

బెజవాడ_డైలీ:
ఏం తేలింది? మూడో వంతు మూసుకుపోయిందని ఆయనే రాశారు. మీకు అల్యూమినియం మీద పగ ఏమిటండీ?

పద్మినీ_ప్రేమికుడు:
పగేం లేదు. ఒకసారి చవకది వేశాక "తర్వాత పాతది బాగుచేయిద్దాం" అనే తర్వాత ఎప్పటికీ రాదు. నేను చూసిన బండ్లలో క్యార్బురేటర్, డైనమో, స్టీరింగ్ అన్నీ అలాగే పోయాయి. మీ అటక మీద రేడియేటర్ ఎన్నాళ్లుగా ఉంది? మూడేళ్లు. బాగుచేయించారా?

బెజవాడ_డైలీ:
...లేదు.

డాలస్_మస్టాంగ్:
ఈ పాయింట్ ఆయనకే. నా మస్టాంగ్‌ది గ్యారేజీ మూలన నాలుగేళ్లుగా ఉంది, సాలెపురుగు కాపురం పెట్టింది.

మార్క్‌టూ_గుంటూరు:
రాడింగ్‌కు ఇచ్చాను. ఈరోజు ఫోన్ వచ్చింది. పై ట్యాంకు తీసి చూస్తే కుడివైపు గొట్టాల్లో చాలావాటిలోకి ఊచ దిగడం లేదట, గట్టిగా నెడితే రెండు చిరిగాయట. అంటే కోర్ మార్చాల్సిందే. రాగిపని గారు చెప్పినట్టు షాపులో ఉన్న కోర్ రెక్కలు లెక్కపెట్టించాను. పాతదానిలో అంగుళానికి 12, కొత్తదానిలో 9. దగ్గరగా ఉన్న రకం కావాలంటే చెన్నై నుంచి తెప్పించాలి, నెల పైనే పడుతుందన్నారు.

కాబట్టి రెండూ చేస్తున్నాను. పాత ట్యాంకులకు మంచి కోర్ వచ్చేదాకా ఆగి రాగిదే చేయిస్తాను, అడ్వాన్స్ ఇచ్చేశాను, ఇక తప్పించుకునే వీల్లేదు. ఈలోపు 6,500 అల్యూమినియంతో బండి తిరుగుతుంది.

పద్మినీ_ప్రేమికుడు:
అడ్వాన్స్ ఇచ్చానన్నారు కాబట్టి ఊరుకుంటున్నాను. దసరాకు ఫొటో పెట్టకపోతే మళ్లీ వస్తాను.

మార్క్‌టూ_గుంటూరు:
కొరియర్ వచ్చింది. మూత సంగతి డాలస్ గారు చెప్పినట్టే ఉంది, మెడకు సరిపోయే 7 మూత వెతికి తెచ్చాను. హోస్‌లు సరిపోయాయి. ఫ్యానుకూ కోర్‌కూ మధ్య వేలు పడుతుంది. కానీ ఎడమవైపు బ్రాకెట్ రంధ్రాలు 8 మిల్లీమీటర్లు తప్పాయి. మా మెకానిక్ బండి ఫ్రేముకే కొత్త రంధ్రాలు కొడతానని డ్రిల్లు పట్టుకుని నిలబడ్డాడు. త్వరగా చెప్పండి.

బెజవాడ_డైలీ:
డ్రిల్లు లాక్కోండి ముందు! ఆకురాయి తీసుకుని రేడియేటర్ బ్రాకెట్ రంధ్రాన్ని సాగదీయండి, కింద రబ్బరు వాషర్లు వేయండి. కోత పెడితే ఆరున్నర వేలదానికే పెట్టాలి, నాన్నగారి బండికి కాదు.

పద్మినీ_ప్రేమికుడు:
మొదటిసారి నేనూ ఈయనా ఒకే మాట మీద ఉన్నాం. డ్రిల్లు లాక్కోండి.