నొప్పి మాత్రల సైడ్ ఎఫెక్టులు రోగికి ఎంతవరకు చెప్పాలి?

పెన్నా_ఒడ్డు (ఫార్మసిస్ట్, కడప)

2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనల ప్రకారం మందు చేతికిచ్చేటప్పుడు దాని సంగతి రోగికి వివరించడం ఫార్మసిస్టు బాధ్యత. అందులో వాదన లేదు. ఎంత వివరించాలన్నదే ప్రశ్న. మోకాళ్ల నొప్పులకు ఎసిక్లోఫెనాక్ 100, పారాసిటమాల్ 325 కలిసిన మాత్ర రాశారనుకోండి. కడుపులో పుండు పడొచ్చు, కిడ్నీ దెబ్బతినొచ్చు, గుండెపోటు ముప్పు పెరగొచ్చు అని మొదలుపెడితే విన్నవాళ్లు మాత్ర పక్కన పడేసి ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుంటారు. ఆ సూదిలో ఉండేది చాలాసార్లు డైక్లోఫెనాకే, అదే జాతి మందు. భయపెట్టి సాధించిందేముంది? ఎప్పుడు, ఎలా, ఎన్నాళ్లు వేసుకోవాలో చెబితే చాలు, మిగతాది అడిగితే చెప్పాలి అని నా మాట. కాదనేవాళ్లు చెప్పండి.

తుంగభద్ర (వైద్యురాలు, కర్నూలు)

'అడిగితే' అన్నదగ్గరే నాకు పేచీ. వెనక పదిమంది తోసుకుంటుంటే పల్లె నుంచి వచ్చిన పెద్దావిడ ఏం అడుగుతుంది? అడగాలంటే ముందు ఫలానాది అడగాలని తెలియాలి కదా.

బీపీకి టెల్మిసార్టాన్ 40, నీరు తీసే హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 కలిసిన మాత్ర వేసుకునే మనిషిని తీసుకోండి. ఆమె లెక్కలో అది ఒక్క బీపీ బిళ్ళ. దానిమీద నొప్పి మాత్ర పడిందా, కిడ్నీకి మూడు వైపుల నుంచి దెబ్బ. నొప్పి మాత్ర కిడ్నీ వడపోతకు రక్తం తెచ్చే నాళాన్ని బిగిస్తుంది. టెల్మిసార్టాన్ రక్తం బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది. రెంటి మధ్య వడపోతకు కావలసిన ఒత్తిడి పడిపోతుంది. నీరు తీసే మందు ఒంట్లో ఉన్న కాస్త నీటినీ తగ్గిస్తుంది. మే నెలలో ఉపాధి పనికి పోయి, నీళ్లు చాలక, పైన విరేచనాలు కూడా పట్టుకుంటే రెండు మూడు రోజుల్లోనే క్రియాటినిన్ (కిడ్నీ సరిగా వడపోయకపోతే రక్తంలో పేరుకునే వ్యర్థం) పెరిగిపోవచ్చు. ఇందుకోసం 'కిడ్నీ పాడవుతుంది' అని బెదిరించనక్కర్లేదు. 'వాంతులో విరేచనాలో పట్టుకున్నా, మూత్రం తగ్గినా ఈ నొప్పి మాత్ర ఆపి డాక్టర్ దగ్గరికి పో, బీపీ బిళ్ళ సంగతీ అక్కడే అడుగు' అంటే చాలు. భయపెట్టే జాబితాకూ, చేయవలసిన పనికీ తేడా అది.

బురుజు_కింద (మెడికల్ షాపు, కర్నూలు)

మేడమ్ చెప్పింది రైటే గానీ అసలు ప్రమాదం పారాసిటమాల్‌తోనే. ఎసిక్లో-పారా పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఒళ్లు వెచ్చగా ఉందని మధ్యలో డోలో 650 మూడుసార్లు. లివర్ ఏమైపోవాలి?

పెన్నా_ఒడ్డు

లెక్క వేద్దామన్నా. 325 చొప్పున రెండు, 650. డోలో మూడు, 1950. మొత్తం 2600 మిల్లీగ్రాములు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు 24 గంటల హద్దు 4000. రోజూ తాగేవాళ్లకు, లివర్ జబ్బున్నవాళ్లకు, తిండిలేక బక్కచిక్కినవాళ్లకు మాత్రం ఈ హద్దు వర్తించదు, సాధారణంగా 2000 దగ్గరే ఆపుతారు. జలుబు మాత్రల్లో కూడా పారాసిటమాల్ ఉంటుంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

మీరు చెప్పిన మనిషి విషయంలో నాకు ఎక్కువ భయం ఎసిక్లోఫెనాక్ జాతితో. పొద్దున ఆ మాత్ర, మధ్యాహ్నం డైక్లో సూది, రాత్రి పక్కింటివాళ్లిచ్చిన ఐబుప్రొఫెన్. పేర్లు మూడు, దెబ్బ ఒకటే. గ్యాస్ మాత్ర వేసుకున్నాం కదా అంటారు. పాంటొప్రజోల్ 40 తిండికి అరగంట ముందు పడాలి, వీళ్లు నొప్పి మాత్రతో కలిపి తిన్నాక మింగుతారు. సరిగ్గా వేసుకున్నా అది కాచేది కడుపునే, కిడ్నీని కాదు.

సద్దిమూట (ఆరోగ్య కార్యకర్త, అనంతపురం)

అందరూ 'తిన్నాక' అంటున్నారు. ఎప్పుడు తిన్నాకప్పా? ఇక్కడి పల్లెల్లో తెల్లారే టీ తాగి పనికి పోతారు, సంగటి ముద్ద కడుపులో పడేది పదికో పదకొండుకో. చీటీ మీద 1-0-1 అని ఉంటే ఆ మొదటి 1 టీతోనే పోతుంది, ఖాళీ కడుపులోకి. టిఫిన్ అనే మాటే వద్దు. 'సంగటి తిన్నాక ఒకటి, రాత్రి అన్నం తిన్నాక ఒకటి' అనండి.

రంజాన్ నెలలో ఇది ఇంకో తీరు. రెండుపూటల మాత్రలు సహరీలో ఒకటి, ఇఫ్తార్‌లో కడుపు నిండాక ఒకటి అని సర్దుకోవచ్చు. మూడుపూటలవి సర్దుకోవు. డాక్టర్‌ను అడిగి మార్పించుకోమని చెప్పకపోతే మధ్యాహ్నపుదాన్ని ఎత్తేస్తారు, లేదా ఇఫ్తార్‌కు రెండు కలిపి మింగుతారు.

చీటీలో ఎస్ఓఎస్ అని రాస్తారు చూడండి, అదొక శాపం. 'నొప్పి భరించలేనప్పుడే' అని దానర్థం. తెలియనివాళ్లలో కొందరు రోజూ వేసుకుంటారు, కొందరు అసలు ముట్టరు. పేరు పక్కన ఎస్ఆర్ ఉన్న మాత్రను గొంతు దిగడం లేదని నూరేస్తారు. రోజంతా కొద్దికొద్దిగా దిగాల్సిన మందు ఒక్కసారే దిగుతుంది.

గండికోట (పాలియేటివ్ కేర్, అంటే ముదిరిన జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే సేవలో నర్సు)

ఇంతవరకు మోకాళ్ల నొప్పుల ముచ్చటే నడిచింది. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ మొదలుపెట్టినచోట పెన్నా_ఒడ్డు గారి సూత్రం నిలవదు. అక్కడ చెప్పకపోతేనే రోగి మాత్ర మానేస్తాడు. మార్ఫిన్‌తో మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుంది, వాడినన్నాళ్లూ ఉంటుంది, కాబట్టి బైసకోడిల్ లాంటి విరేచనం మందు మొదటి రోజు నుంచే తోడుండాలి. వికారం, మగత కొన్ని రోజులుండి తగ్గుతాయి. ఇంతమాత్రం ముందే చెప్పకపోతే నాలుగో రోజుకు కడుపు బిగుసుకుని 'ఈ మందు మాకు పడలేదు' అని మూలన పడేస్తారు.

మామూలు మార్ఫిన్ మాత్ర బలం 4 గంటలు. నొప్పి లేచేదాకా ఆగకుండా గడియారం చూసి ఇవ్వాలి: ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10. నడిరాత్రి 2 గంటలకు లేపకుండా ఉండాలని పడుకునేముందు డోసు డాక్టర్లు రెట్టింపు రాస్తుంటారు. అది కావాలనే రాశారని చెప్పకపోతే ఇంట్లోవాళ్లు తప్పు పడిందనుకుని సగం చేస్తారు. మధ్యలో నొప్పి తన్నుకొస్తే అదనంగా ఎంత ఇవ్వాలో కూడా కాగితం మీద ఉండాలి. మనిషి పిలిచినా లేవనంత మగతలో ఉండి, ఊపిరి బాగా నెమ్మదిస్తే తర్వాతి డోసు ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఫెంటానిల్ (మార్ఫిన్ జాతి మందు) పట్టీ, అంటే చర్మానికి అంటించేది అయితే 72 గంటలకొకసారి మార్చాలి. దానిమీద వేడినీళ్ల కాపడం పెట్టకూడదు, మన ఎండలో ఆ చోట ఎండ తగలనీయకూడదు. వేడికి మందు ఎక్కువగా ఒంట్లోకి దిగిపోతుంది.

'అలవాటైపోతుందేమో' అని ప్రతి ఇంట్లోనూ అడుగుతారు. ఒళ్లు మందుకు అలవాటుపడటం వేరు, మందుకోసం వెంపర్లాడటం వేరు. మొదటిది వస్తుంది కాబట్టే ఒక్కసారిగా ఆపకుండా డాక్టర్ మెల్లగా దించుతారు.

పెన్నా_ఒడ్డు

మార్ఫిన్ దగ్గర ఓడిపోయాను, ఒప్పుకుంటున్నా. మోకాళ్ల నొప్పుల దగ్గర మాత్రం పూర్తిగా దిగిరాను. గుండెజబ్బు ఉందా అని అడగడం, ఉంటే మాత్ర ఇవ్వకుండా డాక్టర్ దగ్గరికి తిప్పి పంపడం మా పని. లేదన్నవాడికి గుండెపోటు మాట చెబితే అతను చేయగలిగేదేముంది?

తుంగభద్ర

స్టెంట్ పడినవాళ్లు కూడా 'ఇప్పుడు గుండెకేం లేదు, బాగైపోయింది' అంటారండీ. జబ్బు అడగొద్దు, బిళ్ళలు అడగండి. రక్తం పలచబడే బిళ్ళ వేసుకుంటున్నారా అంటే అసలు సంగతి బయటికొస్తుంది. అది ఉండి నొప్పి మాత్ర తోడైతే కడుపులో రక్తస్రావం. విరేచనం తారులా నల్లగా వస్తే ఆగకుండా రమ్మని చెప్పాలి. ఐరన్ మాత్రలతోనూ నల్లగానే వస్తుంది కాబట్టి అవి వాడుతున్నారేమో ముందే కనుక్కోండి.

బురుజు_కింద

ఇదంతా ఒక్కొక్కరికీ చెబుతూ కూర్చుంటే షాపు మూసుకోవాల్సిందే.

సద్దిమూట

ఒక్క నిమిషం పనన్నా. 'అర్థమైందా' అంటే అందరూ తలూపుతారు. 'ఇంటికిపోయి కోడలికి ఎట్ల చెప్తావమ్మా' అని అడుగు. తప్పు చెప్పిన ముక్క ఒక్కటే దిద్దు. ఇంకోమాట, నాలుగు మాత్రలు కత్తిరించి ఇస్తారే, గడువు తేదీ ఉన్న అంచు మీ డబ్బాలోనే ఉండిపోతుంది. ఇంట్లో అట్లాంటి పేరులేని ముక్కలు పోగుపడి ఏది దేనికో తెలియకుండా పోతుంది.

బురుజు_కింద

అంచు మొదటివాడికిస్తే ఆఖరివాడికి తేదీ లేని ముక్కే కదా మిగిలేది?

పెన్నా_ఒడ్డు

అంచు ఆఖరిదాకా ఉంచాలి. ముందు తీసుకున్నవాళ్లకు కవరు మీద మందు పేరు, దేనికోసమో, గడువు తేదీ స్కెచ్ పెన్నుతో రాసివ్వాలి. చదువు రానివాళ్లకు సూర్యుడు, చంద్రుడి బొమ్మ. బ్యాచ్ నంబరు బిల్లులో ఎలాగూ ఉంటుంది.

సద్దిమూట

బిల్లు ఇస్తే కదప్పా.