మాత్ర వల్ల వచ్చిన బాధకు మరో మాత్ర: మీ అనుభవాలు చెప్పండి

చిక్కడపల్లి కోడలు:
మా అత్తగారికి 68 ఏళ్లు. రక్తపోటుకు ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల మాత్ర ఏళ్ల తరబడి వేసుకుంటున్నారు. సంక్రాంతి తరువాత బీపీ అదుపులో లేదని డాక్టరు గారు దానిని 10 మిల్లీగ్రాములు చేశారు. బీపీ దిగింది గానీ, సాయంత్రమయ్యేసరికి రెండు పాదాలూ ఉబ్బిపోతున్నాయి. మెట్టెలు బిగుసుకుపోయి సబ్బునీళ్లు పెట్టి తీయవలసి వచ్చింది. చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉంటోంది. వీధి చివరి క్లినిక్‌లో చూపిస్తే ఒంటికి నీరు పట్టిందని, మూత్రం ఎక్కువగా పోయించే ఫ్యూరోసెమైడ్ (నీటి మాత్ర) రాశారు. దానితో రాత్రుళ్లు మాటిమాటికీ లేవడం, పిక్కలు పట్టేయడం మొదలయ్యాయే తప్ప వాపు తగ్గలేదు. ఇప్పుడు పిక్కల నొప్పికి ఇంకో మాత్ర రాస్తామంటున్నారు. ఒక మందు దుష్ప్రభావాన్ని కొత్త జబ్బుగా లెక్కగట్టి, దానికి మరో మందు చేర్చడం ఎంతమందికి అనుభవమో తెలుసుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ఏ మందు, దేనికి, ఏం జరిగింది, డాక్టరు ఏం మార్చారు అన్న సంగతులు రాస్తే చదివేవారికి పనికొస్తాయి.

మల్కాజిగిరి ఫార్మసిస్టు:
అమ్మా, ఆమ్లోడిపిన్‌తో పాదాలు వాయడం మందుల షాపులో మేము తరచుగా వినే ఫిర్యాదు. ఈ మందు రక్తాన్ని మోసుకుపోయే చిన్న ధమనులను వదులు చేస్తుంది, కానీ తిరిగి తెచ్చే సిరలను అంతగా వదులు చేయదు. దానివల్ల మధ్యనుండే సన్నని రక్తకేశనాళికలలో ఒత్తిడి పెరిగి, నీరు బయటి కణజాలంలోకి ఊరుతుంది. అంటే ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదు, ఉన్న నీరే చోటు మారడం వల్ల వచ్చినది. అందుకే మూత్రం ఎక్కువగా పోయించే మాత్ర దీనిమీద పెద్దగా పనిచేయదు. పైగా ఫ్యూరోసెమైడ్ పొటాషియాన్ని బయటికి పంపేస్తుంది గనుక పిక్కలు పట్టేయడానికి అదే కారణం అయి ఉండవచ్చు. డోసు 5 నుంచి 10కి పెరిగినప్పుడు వాపు ఎక్కువ కావడం, మగవారికంటే ఆడవారిలో ఎక్కువగా కనబడడం కూడా తెలిసిన సంగతులే. ఇటువంటప్పుడు డాక్టర్లు సాధారణంగా డోసు తగ్గించి టెల్మిసార్టన్ వంటి మరో రకం బీపీ మందును జతచేస్తారు, లేదా సిల్నిడిపిన్ అనే బీపీ మందుకు మారుస్తారు.

అయితే రెండు జాగ్రత్తలు చెప్పక తప్పదు. వాపు ఒక్క కాలికే వచ్చి నొప్పి, ఎరుపు ఉంటే రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. వాపుతోపాటు ఆయాసం ఉన్నా, పొద్దున లేవగానే ముఖం ఉబ్బినట్టున్నా గుండె, మూత్రపిండాలు పరీక్షించాలి. రెండవది, ఇది చదివి మీరే మాత్ర ఆపవద్దు. ఒక ప్రశ్న అడుగుతాను: అత్తగారు మోకాళ్ల నొప్పులకు ఏమైనా వాడుతున్నారా?

పద్మారావునగర్ విశ్రాంత ఉద్యోగి:
నా అనుభవం దగ్గుతో. గుండెపోటు వచ్చి స్టెంటు వేసిన తరువాత నాకు రామిప్రిల్ మొదలుపెట్టారు. కొన్ని వారాలు గడిచాక గొంతులో ఎవరో ఈకతో గిలిగింతలు పెట్టినట్టు పొడి దగ్గు పట్టుకుంది. పడుకుంటే మరీ ఎక్కువ. కఫం లేదు, జ్వరం లేదు. మొదట దగ్గు మందు, తరువాత అలర్జీ మాత్ర, ఆపైన గ్యాస్ పైకి తన్నుతోందని మరో మాత్ర, చివరికి టీబీ అనుమానంతో ఎక్స్‌రే, కఫం పరీక్ష రాశారు. కఫమే లేని దగ్గుకు డబ్బాలో ఏం పోసి ఇవ్వాలో ఆ ప్రయోగశాలవారికీ తెలియలేదు. ఆఖరుకు ఒక ఛాతీ వైద్యుడు స్టెతస్కోపు పెట్టడానికి ముందే నా మందుచీటీ అడిగి చూసి, రామిప్రిల్ మీద వేలు పెట్టారు. ఎనలాప్రిల్, లిసినోప్రిల్, రామిప్రిల్ వంటి మందులు శరీరంలో బ్రాడీకైనిన్ అనే పదార్థం విరగకుండా అడ్డుపడతాయని, అది పేరుకుని దగ్గు రేపుతుందని వివరించారు. గుండె డాక్టరుతో మాట్లాడి టెల్మిసార్టన్‌కు మార్చారు. మానేసిన మర్నాడే దగ్గు పోదని, కొందరికి నెల, ఇంకొందరికి అంతకన్నా ఎక్కువ పడుతుందని ముందే చెప్పడం మంచిదయింది. లేకపోతే మార్పు పనిచేయలేదనుకుని మళ్లీ మొదటికి వచ్చేవాణ్ని. రామిప్రిల్ వంటి ఆ మందులతోనే అరుదుగా పెదవులు, నాలుక, గొంతు ఉబ్బుతాయట. అప్పుడు ఫోన్లు చేస్తూ కూర్చోకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

దిల్‌సుఖ్‌నగర్ టీచరు:
షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవారు మొదటి వారాలలో విరేచనాలు, వికారం, నోట్లో ఇనుము చప్పరించినట్టు రుచి ఉందని చెబుతుంటారు. నాకూ అంతే. మాత్రను అన్నం మధ్యలో వేసుకోమని, నెమ్మదిగా కరిగే రకానికి మార్చి కొద్ది డోసుతో మొదలుపెట్టి పెంచుతామని చెప్పారు, సర్దుకుంది. ఆ రకం మాత్రల పైపొర ఒక్కోసారి మలంలో మాత్రలాగానే బయటపడుతుంది, మందు ఒంటికి పట్టలేదని కంగారుపడనక్కరలేదు.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది అది కాదు. ఏళ్లు గడిచాక అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. షుగరు ఉన్నవారికి నరాలు దెబ్బతినడం మామూలే కదా అని అందరూ అదే అనుకున్నారు, నరాల మాత్ర కూడా రాశారు. కానీ మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలం వాడితే బీ12 విటమిన్ పేగులనుంచి సరిగా లోపలికి పోదు, బీ12 లోపించినా అవే తిమ్మిర్లు వస్తాయి. నేను శాకాహారిని, కాబట్టి లోటు ఇంకా తొందరగా పడుతుంది. రక్తపరీక్షలో బీ12 బాగా తక్కువగా తేలింది. ఇంజెక్షన్లు చేయించుకుంటూ, మెట్‌ఫార్మిన్ అలాగే కొనసాగిస్తున్నాను. ఎప్పటికప్పుడు బీ12 చూసుకోవాలని అమెరికా మధుమేహ సంఘం మార్గదర్శకాలలోనే ఉంది, అయినా మనమే అడిగి రాయించుకోవలసి వస్తోంది.

మొఘల్‌పురా నుంచి:
మా అమ్మీకి షుగరుకు గ్లిమిపిరైడ్ ఉండేది. అది క్లోమగ్రంథిని పిండి ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది గనుక తిండి తినకపోయినా చక్కెరను దించుతూనే ఉంటుంది. రంజాన్‌లో సహరీకి (తెల్లవారకముందు తినే భోజనానికి) మాత్ర వేసుకుని ఉపవాసం ఉంటే అసర్ (సాయంత్రపు) నమాజు వేళకు చెమటలు, వణుకు, మాట తడబాటు కనబడ్డాయి. ఇంట్లోవాళ్లు ఎండదెబ్బ అనుకుని విశ్రాంతి తీసుకోమన్నారు. గ్లూకోమీటరు పెడితే అసలు సంగతి బయటపడింది. ఇప్పుడు రంజాన్‌కు నెలన్నర, రెండు నెలల ముందే డాక్టరును కలుస్తాం. ఆయన డోసు తగ్గించి, మాత్రను ఇఫ్తార్‌కు (సూర్యాస్తమయాన ఉపవాసం విరమించే భోజనానికి) జరిపారు. చక్కెర 70కి దిగితే గడియారం చూడకుండా ఉపవాసం విరమించాలని గట్టిగా చెప్పారు. రక్తపరీక్ష కోసం వేలికి సూది గుచ్చుకుంటే రోజా (ఉపవాసం) పోదని మా మౌలానా సాహెబ్ కూడా చెప్పారు. ఏకాదశి, శనివారం ఉపవాసాలు ఉండేవారికీ మందు విషయంలో ఈ జాగ్రత్త వర్తిస్తుంది. అమ్మీకి గుండెకు, బీపీకి ఇచ్చే మెటోప్రొలాల్ కూడా ఉంది. అటువంటి మందులు వేసుకునేవారిలో చక్కెర పడిపోయినా వణుకు, గుండెదడ తెలియకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది.

కూకట్‌పల్లి వ్యాపారి:
ఇవన్నీ చదివాక ఇంగ్లీషు మందులు మానేయడమే నయమనిపిస్తోంది. మా బావగారు బీపీ మాత్రలన్నీ ఆపేసి, అతిమధురం కలిసిన చూర్ణం వాడుతున్నారు. మనిషి హాయిగా ఉన్నాడు.

మల్కాజిగిరి ఫార్మసిస్టు:
వ్యాపారి గారూ, బీపీ పెరిగినా మనిషి హాయిగానే ఉంటాడు, అదే దానితో వచ్చిన చిక్కు. మీ బావగారి విషయంలో ఇంకో సంగతి ఉంది. అతిమధురంలోని గ్లిసిరైజిన్ ఒంట్లో ఉప్పును నిలిపి, పొటాషియాన్ని తగ్గించి, రక్తపోటును పెంచుతుంది. ఎక్కువగా, ఎక్కువకాలం వాడితే ఈ ప్రభావం బాగా కనబడుతుంది. బీపీ ఉన్నవారు, అందులోనూ మాత్రలు ఆపేసినవారు వాడదగినది కాదు. దయచేసి ఈ రోజే ఒకసారి బీపీ చూపించండి.

కొన్ని మందులను దుష్ప్రభావం ఉన్నాసరే ఉన్నపళంగా ఆపకూడదు. మెటోప్రొలాల్, అదే రకానికి చెందిన ప్రొప్రనొలాల్ హఠాత్తుగా ఆపితే గుండె వేగం, బీపీ ఎగదన్ని గుండెపోటుకు దారితీయవచ్చు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ కొన్ని వారాలపాటు వాడినవారు మెల్లమెల్లగానే తగ్గించాలి, ఎందుకంటే ఒంటికి కావలసిన స్టెరాయిడ్‌ను తయారుచేసే మన అడ్రినల్ గ్రంథులు ఆ కాలంలో తమ పని మానుకుని ఉంటాయి. స్టెంటు ఉన్నవారు పంటి డాక్టరు చెప్పాడని, రక్తం గడ్డకట్టకుండా చూసే క్లోపిడోగ్రెల్ ఆపే ముందు గుండె డాక్టరును అడగాలి. ప్రపంచానికంతటికీ మాత్రలు చేసి పంపే ఈ హైదరాబాద్ నగరంలో, మందుల కంపెనీలున్న జీడిమెట్లకు కూతవేటు దూరంలోనే, కత్తిరించిన నాలుగు మాత్రల ముక్క మీద మందు పేరుగానీ గడువు తేదీగానీ కనబడకపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. విడిగా కొనేవారు పేరు, బ్యాచ్ నంబరు ఉన్న వైపునుంచి కోసి ఇమ్మని అడగండి, లేదా పూర్తి స్ట్రిప్‌ను ఫోనుతో ఫొటో తీసుకోండి.

తార్నాక పరిశోధకురాలు:
రెండో వైపు మాట కూడా చెప్పాలి. ప్రతి నొప్పినీ మాత్ర మీద వేయడం సరికాదు. కొలెస్ట్రాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్ వల్ల ఒళ్లు నొప్పులని మానేసేవారు చాలామంది. 2020లో వెలువడిన సామ్సన్ అనే పరిశోధనలో, అలా మానేసిన 60 మందికి కొన్ని నెలలు అసలు మాత్ర, కొన్ని నెలలు మందు లేని ఉత్తి మాత్ర ఉన్న డబ్బాలు ఏది ఏదో చెప్పకుండా ఇచ్చి, కొన్ని నెలలు ఏ మాత్రా ఇవ్వకుండా, రోజూ ఫోనులో బాధను నమోదు చేయించారు. అసలు మాత్రతో వచ్చిన బాధలో దాదాపు 90 శాతం ఉత్తి మాత్రతోనూ వచ్చింది. బాధ అబద్ధమని దీని అర్థం కాదు, బాధ నిజమే. కారణం మందులోని రసాయనం కాకపోవచ్చు. వారిలో సగం మంది తిరిగి ఆ మందు మొదలుపెట్టారు. అలాగని నిజమైన కండరాల దెబ్బ లేదని కాదు: తొడలు, భుజాలు రెండు వైపులా బలహీనపడి, మూత్రం ముదురు రంగుకు మారితే వెంటనే చూపించాలి. ముఖ్యంగా అటోర్వాస్టాటిన్ మీద ఉండగా గొంతు ఇన్‌ఫెక్షన్‌కో మరి దేనికో క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాసినప్పుడు ఈ ప్రమాదం పెరుగుతుంది. కొత్త డాక్టరుకు పాత మందుల జాబితా చూపించకపోతే ఆ కలయికను ఆయన ఎలా ఊహించగలరు?

చిక్కడపల్లి కోడలు:
ఫార్మసిస్టు గారూ, మీరు అడిగిన ప్రశ్నే అసలు తాళంచెవి అయింది. మోకాళ్లకు ఎసిక్లోఫెనాక్ పక్కింటివారి చీటీ చూసి తెప్పించుకుని, రోజూ వేసుకుంటున్నారట. నొప్పి మాత్రే కదా అని మందుల లెక్కలో చెప్పలేదు. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, పోపుల డబ్బా పక్కన దాచిన ఆ స్ట్రిప్‌తో సహా, సంచిలో వేసుకుని బీపీ డాక్టరు గారి దగ్గరికే వెళ్లాం. నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పును, నీటిని నిలబెట్టి బీపీని పెంచుతాయని, అసలు 5 మిల్లీగ్రాములు చాలకపోవడానికి అదే కారణం కావచ్చని అన్నారు. అంటే నొప్పి మాత్రకు బీపీ డోసు పెరిగింది, ఆ డోసుకు కాళ్లు వాచాయి, ఆ వాపుకు నీటి మాత్ర వచ్చింది, నీటి మాత్రకు పిక్కలు పట్టాయి. నొప్పి మాత్ర, ఫ్యూరోసెమైడ్ రెండూ ఆపించి, ఆమ్లోడిపిన్‌ను తిరిగి 5కు తెచ్చి, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పేది), పొటాషియం పరీక్షలు రాశారు. టెల్మిసార్టన్ అవసరమా అన్నది ఆ ఫలితాలు చూశాకనేనట, ఎందుకంటే నొప్పి మాత్ర, నీటి మాత్ర, టెల్మిసార్టన్ మూడూ కలిస్తే మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతినవచ్చు. నొప్పికి ప్రస్తుతం పారాసిటమాల్, తొడ కండరాల వ్యాయామం చెప్పారు. వాపు సగానికి దిగింది. మోకాళ్ల నొప్పి మాత్రం ఉంది, అత్తగారికి నా మీద కోపమూ ఉంది.

పద్మారావునగర్ విశ్రాంత ఉద్యోగి:
దగ్గు హడావుడిలో నాకు తగిలించిన గ్యాస్ మాత్ర సంగతి రాయడం మరిచాను. ఒమెప్రజోల్ అనే గ్యాస్ మాత్ర క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తుందని, స్టెంటు ఉన్నవారికి అవసరమైతే పాంటోప్రజోల్ ఇస్తారని తరువాత తెలిసింది. ఇటువంటి గ్యాస్ మాత్రను కూడా నెలల తరబడి వాడి ఒక్కసారి ఆపితే ఆమ్లం మునుపటికంటే ఎక్కువగా ఊరుతుంది; మంట మళ్లీ వచ్చింది కాబట్టి మాత్ర అవసరమే అనుకుని జీవితాంతం వేసుకునేవారు ఉన్నారు. నాకు డాక్టరు గారు రోజు విడిచి రోజు ఇచ్చి మెల్లగా తగ్గిస్తున్నారు.

దిల్‌సుఖ్‌నగర్ టీచరు:
థైరాయిడ్ మాత్ర వేసుకునేవారికి ఒక్క మాట. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కాఫీకి అరగంట నుంచి గంట ఆగాలి. కాల్షియం, ఐరన్ మాత్రలు దీనిని ఒంటికి సరిగా పట్టనివ్వవు, వాటికి నాలుగు గంటల ఎడం ఉండాలి. మా చెల్లెలికి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందు చాలకపోతే రక్తపరీక్షలో పెరిగే అంకె) పెరిగిందని డోసు పెంచుతూ పోయారు, కాల్షియం మాత్రను రాత్రికి మార్చాక పెంచిన డోసు ఎక్కువై గుండెదడ వచ్చింది.

మొఘల్‌పురా నుంచి:
ఇటువంటివి ప్రభుత్వానికి తెలియజేసే మార్గం ఏదైనా ఉందా? డాక్టరు ద్వారానే వెళ్లాలా?

మల్కాజిగిరి ఫార్మసిస్టు:
నేరుగా మీరే తెలియజేయవచ్చు. భారత ఔషధ నిఘా కార్యక్రమం 2010లో మొదలైంది, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దానిని నడుపుతోంది. 1800-180-3024 అనే ఉచిత నంబరుకు పనిదినాలలో ఫోను చేయవచ్చు. వినియోగదారుల ఫారం తెలుగులోనూ దొరుకుతుంది. మందే కారణమని మీరు రుజువు చేయనక్కరలేదు, అనుమానం చాలు. మందు పేరు, డోసు, మొదలుపెట్టిన తేదీ, బాధ మొదలైన తేదీ, మానేశాక తగ్గిందా లేదా, అప్పుడు వాడుతున్న ఇతర మందులు రాయాలి. ఆ చివరి గడిలో చూర్ణాలు, నొప్పి మాత్రలు, పక్కింటివారిచ్చినవి కూడా చేర్చండి. బ్యాచ్ నంబరు కోసం ఖాళీ స్ట్రిప్‌ను పారేయకుండా ఉంచండి.