'పర్సిస్టెంట్'ని 'మొండి' అనొచ్చా?

అందరికీ నమస్కారం. వారం రోజులుగా ఒక్క మాట దగ్గర ఆగిపోయి ఉన్నాను, మీ ముందు పెడుతున్నా. మనిషి నెత్తురులో పరిశ్రమల రసాయనాలు ఎంతున్నాయో ఎట్లా కొలుస్తారో చెప్పే కరపత్రం ఒకటి తెలుగు చేస్తున్నాను. మొదటి వాక్యంలోనే 'పర్సిస్టెంట్ ఆర్గానిక్ పొల్యూటెంట్స్' అని ఉంది, అంటే ఏళ్ల తరబడి విరిగిపోకుండా మిగిలే కర్బన కాలుష్యకాలు. 2001లో స్టాక్‌హోం ఒప్పందం కుదిరింది వీటి మీదే. మన దేశం అందులో 2006లో చేరింది.

ముందు 'స్థిర కాలుష్యకాలు' అని రాసి, సాయంత్రానికే కొట్టేశాను. స్థిరం అంటే మనకు స్థిరాస్తి గుర్తొస్తుంది, కదలనిది. ఇవి కదలకుండా ఉండే రకం కాదు. వెచ్చని చోట ఆవిరై, గాలిలో పోయి చలి ప్రాంతాల్లో దిగుతాయి. కెనడా ఉత్తరాన ఫ్యాక్టరీల ఊసే లేని చోట బతికే ఇన్యూట్ తెగ తల్లుల పాలలో పీసీబీలు (కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలో వాడిన రసాయనాలు) దొరికాయి. తర్వాత 'శాశ్వత రసాయనాలు' అనుకున్నాను. శాశ్వత పరిష్కారం, శాశ్వత ఉద్యోగం అని మనం కోరుకునేవాటికి వాడే మాట అది. పైగా అర్థం కూడా కుదరదు. ఇవి ఒంట్లోంచి పోతాయి, కాకపోతే పోవడానికి ఏళ్లు పడుతుంది.

పోయిన ఆదివారం నల్లగొండ జిల్లా మర్రిగూడ దగ్గరి మా ఊరికి పోయినప్పుడు ఈ చిత్తుప్రతిని పెద్దమ్మకు చదివి వినిపించాను. పీఎఫ్ఏఎస్ అన్న చోట 'ఫ్లోరిన్ ఉండే రసాయనాలు' అని రాసి ఉంది. ఆమె అక్కడే ఆపింది. "గిది గూడ ఫ్లోరైడేనా బిడ్డా? మా పండ్లు జూసి రాసిండ్రా?"

నల్లగొండ బయటివాళ్లకు ఇది తమాషాగా ఉండొచ్చు. మాకు ఫ్లోరైడ్ అంటే నీళ్ల పేరు, జబ్బు పేరు కూడా. 'వాళ్లాయనకు ఫ్లోరైడ్ వచ్చింది' అంటాం. గార పండ్లు, వంగిన నడుము, మెడ తిరగక ఒంటితో పాటు తిప్పి చూసే మనిషి, అన్నీ ఆ ఒక్క మాటలో ఉంటాయి. కాబట్టి 'ఫ్లోరో' అన్నది ఎక్కడ కనబడినా పెద్దమ్మ తన జబ్బే అనుకుంటుంది. అనుకోవడంలో తప్పులేదు, కానీ రెండూ వేరు. బోరునీళ్ల ఫ్లోరైడ్ రాళ్లలోంచి వస్తుంది. తాగాక కొన్ని గంటల్లోనే నెత్తురులోంచి దిగిపోతుంది, కొంత మూత్రంలో పోయి కొంత ఎముకకు పడుతుంది. పీఎఫ్ఏఎస్ మనుషులు చేసినవి. వాటిలో ఫ్లోరిన్, కర్బనం ఒకదాన్నొకటి వదలవు. నెత్తురులో ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని ఏళ్ల తరబడి తిరుగుతాయి.

ఈ రెంటికీ ఒకసారి ముడి పడింది. డొనాల్డ్ టేవ్స్ అనే అమెరికా పరిశోధకుడు నెత్తురులో ఫ్లోరైడ్ కొలుస్తుంటే లెక్క కుదరలేదు. ఊరికే కొలిస్తే తక్కువ, బూడిద చేసి కొలిస్తే ఎక్కువ. మామూలు ఫ్లోరైడ్ కాని ఫ్లోరిన్ ఇంకోటి ఉందని 1968లో రాశారు. అది పీఎఫ్ఓఏ లాంటి పదార్థం కావచ్చని 1976లో తోటివాళ్లతో కలిసి ప్రకటించారు. పీఎఫ్ఓఏ అంటే టెఫ్లాన్ తయారీలో వాడిన ఒక పీఎఫ్ఏఎస్. అంటుకోని పెనం కోసం వాడింది నెత్తురుకు అంటుకుంది.

మళ్లీ మాట దగ్గరికొస్తా. ఇదంతా చెప్పాక పెద్దమ్మ "అయితే మొండి బాకీ లెక్క" అన్నది. నేను వెతుకుతున్నది అదే. పీఎఫ్ఓఎస్ అనే ఇంకో పీఎఫ్ఏఎస్ ఒంట్లో సగానికి తగ్గడానికి దాదాపు నాలుగైదేళ్లు పడుతుంది. ఇయ్యాల 100 ఉంటే నాలుగైదేళ్లకు 50, ఇంకో నాలుగైదేళ్లకు 25. అదీ మధ్యలో కొత్త బాకీ చేయకపోతేనే. ఈ 'హాఫ్ లైఫ్' కోసం 'అర్ధాయువు' రాద్దామంటే చేయి రాలేదు. మన ఊళ్లలో అర్ధాయుష్షు అంటే నడి వయసులో పోవడం, శాపనార్థాల్లో వినే మాట. 'సగం తీరే కాలం' అని రాశాను.

'సీరం'కి 'తేట' అని పెట్టాను. మజ్జిగ రాత్రంతా కదపకుండా ఉంచితే పొద్దున పైన తేరుకునే నీళ్లు చూశారు కదా. గడ్డకట్టిన నెత్తురును గిర్రున తిప్పితే పైన అట్లాగే లేత పసుపు తేట నిలుస్తుంది. కొలిచేది దాన్నే. కొలిచే యంత్రంలో టెఫ్లాన్ గొట్టాలు లేకుండా చూసుకుంటారు, గొట్టంలోంచే రసాయనం దిగితే లెక్క చెడుతుంది. ఇక కొలత. మావైపు చదువు రాని వాళ్లకు కూడా పీపీఎం (పది లక్షల పాళ్లలో ఒక పాలు) తెలుసు. తాగునీటిలో ఫ్లోరైడ్‌కు హద్దు 1 పీపీఎం, వేరే నీళ్లు లేకపోతే 1.5. నెత్తురులో పీఎఫ్ఏఎస్‌ను చెప్పేది మిల్లీలీటరుకు ఇన్ని నానోగ్రాములని, అంటే పీపీఎంలో వెయ్యో వంతు. కొన్ని పీఎఫ్ఏఎస్‌లు కలిపి 20 నానోగ్రాములు దాటితే అదనపు పరీక్షలు చూడాలని అమెరికా జాతీయ అకాడమీలు 2022లో డాక్టర్లకు చెప్పాయి.

కింది వ్యాఖ్యలకు జవాబులు:

'మొండి' తిట్టులా ఉందన్న సార్‌కు: 'మొండి బకాయిలు' పేపర్లలో రోజూ వస్తుంది, బ్యాంకుల వాళ్లెవరూ నొచ్చుకోలేదు. మొండిచెయ్యి, మొండి కత్తిలో అర్థం వేరు కదా అన్న మాట నిజమే. కానీ రసాయనం పక్కన పెడితే ఎవరికీ తెగిన చెయ్యి గుర్తురాదని నా నమ్మకం.

డీడీటీ, గమాక్సిన్ పురుగుమందులు కూడా మొండివే కదా అని అడిగిన అక్కకు: అవును, కానీ అవి దాగేది కొవ్వులో. అందుకే నెత్తురులోని కొవ్వును కూడా కొలిచి, గ్రాము కొవ్వుకు ఇంత అని చెబుతారు. చిన్నప్పుడు మా గోడలకు డీడీటీ కొట్టిపోయేవాళ్లు, వాసన రెండ్రోజులు ఉండేది.

నెత్తురు తీయిస్తే బాకీ తీరుతుందా అన్న పాలమూరు తమ్ముడికి: నువ్వు నవ్వుతూ అడిగావు గానీ ఆస్ట్రేలియాలో నిజంగానే చూశారు. 285 మంది అగ్నిమాపక సిబ్బందితో (మంటలార్పే నురుగులో పీఎఫ్ఏఎస్ ఉండేది) ఏడాది పాటు చేసిన ప్రయోగం, 2022లో అచ్చయింది. ప్లాస్మా ఇచ్చినవాళ్లలో ఎక్కువ తగ్గింది, రక్తం ఇచ్చినవాళ్లలో కొంత తగ్గింది, ఏమీ ఇవ్వనివాళ్లలో తగ్గలేదు.

'ఫ్లోరో' అన్న ముక్కే తీసేయమన్నారు ఇద్దరు. తీయను, అది వాటి పేరులోనే ఉంది. బదులుగా కరపత్రం పైన పెద్దక్షరాల్లో ఒక వాక్యం పెట్టాను: 'ఇది ఫ్లోరైడ్ పరీక్ష కాదు, మీ బోరునీళ్ల సంగతి ఇందులో తెలియదు.'