'బహుభాషా శోధన సేవ': ఇక్కడ భాష అంటే ఏ భాష?

ప్రశ్న:
నమస్కారం. సంస్థలోని పత్రాలన్నీ ఒకేచోట వెతికే సెర్చ్ ఇంజన్‌కి ముందు ఒక వెబ్ సర్వీస్ (వేరే ప్రోగ్రాములు నెట్‌వర్క్ ద్వారా అడిగితే జవాబిచ్చేది) పెడుతున్నాం. జావా, పైథాన్, పీహెచ్‌పీ, జావాస్క్రిప్ట్ లాంటి ప్రోగ్రామింగ్ భాషల్లో రాసేవాళ్లు ఎవరైనా దాన్ని వాడుకోవచ్చు. తెలుగు వాడుక పత్రానికి 'బహుభాషా శోధన సేవ' అని పేరు అనుకుంటే, చూసినవాళ్లు 'అయితే తమిళంలో కూడా వెతకొచ్చా?' అంటున్నారు. సమాసంలో దోషం ఉందా? బయటి ప్రోగ్రాములు ఈ సేవతో మాట్లాడే ఇంటర్‌ఫేస్‌ని 'అంతర్ముఖం' అనొచ్చా?

జవాబు:
దోషం లేదండీ, సందిగ్ధం ఉంది. సమాసం చేయగానే విభక్తి జారిపోతుంది. 'భాషల్లో' శోధనా, 'భాషల నుంచి' శోధనా అని తేల్చాల్సిన ప్రత్యయమే అక్కడ లేదు. పైగా బహుభాషా కోవిదుడు, బహుభాషా నిఘంటువు అన్న వాడుకల వల్ల మనసు మనుషుల భాషల వైపే పోతుంది. విడదీసి 'ఏ ప్రోగ్రామింగ్ భాష నుంచైనా వాడుకోగల శోధన సేవ' అనండి. పొడుగైనా ఎవరూ తమిళం గురించి అడగరు.

ఇంకో జవాబు:
'అంతర్ముఖం' మాత్రం వద్దు. అంతర్ముఖుడంటే తనలోకి తాను చూసుకునేవాడు. ఇంటర్‌ఫేస్ పని దానికి సరిగ్గా వ్యతిరేకం, బయటివాళ్లకి ముఖం చూపించాలి. అంతర్జాలం చెల్లింది కదా అని ప్రతిచోటా 'అంతర్' తగిలిస్తే ఎలా? ఇంటర్‌ఫేస్ అనే ఉంచేయండి.

మరో జవాబు:
నేను ఈ పనిలోనే ఉన్నాను గనక కాస్త పొడుగ్గా రాస్తా, ఏమీ అనుకోకండి.

'భాష నుంచి' అన్న పై గారి మాట సరైనదే, దాని వెనక చరిత్ర కూడా ఉంది. 1999లో డగ్ కటింగ్ మొదలుపెట్టిన లూసీన్, పత్రాల్లో వెతికే జావా లైబ్రరీ (ఇతర ప్రోగ్రాముల్లో కలుపుకునే సిద్ధమైన కోడ్). జావా రాసేవాళ్లకి నేరుగా అందేది, మిగతావాళ్ల కోసం సీ ప్లస్ ప్లస్‌లో, డాట్‌నెట్‌లో మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది. 2004లో సీనెట్ కంపెనీలో యోనిక్ సీలీ మొదలుపెట్టి, 2006లో అపాచీ ఓపెన్ సోర్స్ సంస్థకి చేరిన సోలర్ అనే శోధన సర్వర్ అదే లూసీన్‌ని హెచ్‌టీటీపీ (వెబ్ పేజీలు తెచ్చుకునే పద్ధతి) వెనక పెట్టింది. ప్రశ్న యూఆర్‌ఎల్‌లో పంపితే జవాబు ఎక్స్‌ఎంఎల్, జేసన్ లాంటి, ఏ భాషైనా చదవగల పాఠ రూపంలో వస్తుంది. అడిగేవాడు ఏ భాషలో రాశాడో సర్వర్‌కి అక్కర్లేదు. సోప్ (SOAP) అనే పాత వెబ్ సర్వీస్ పద్ధతి కూడా ఇదే మాటిచ్చింది గానీ, ఒక భాష టూల్ తయారుచేసిన కోడ్‌కి ఇంకో భాష సర్వర్‌తో పొసగక జనం విసిగిపోయారు.

అయితే మీ పత్రంలో అసలు టెన్షన్ పెట్టేది శీర్షిక కాదు, 'అక్షరం' అన్న మాట. 'తెలుగు' అన్న మాటలో మనకి అక్షరాలు మూడు: తె, లు, గు. కంప్యూటర్లు అన్ని లిపులకీ వాడే యూనికోడ్‌లో గుణింతపు గుర్తులు విడిగా ఉంటాయి గనక ఆరు (వీటినే కోడ్ పాయింట్లు అంటారు). వాటిని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్లు చొప్పున 18. యూఆర్‌ఎల్‌లో పెడితే ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడు గుర్తులవుతుంది, అంటే 54. 'ప్రశ్న 200 అక్షరాలు మించకూడదు' అని రాస్తే ఏ లెక్క?

ఇది వట్టి పట్టింపు కాదు. దొరికిన మాటని పసుపు రంగులో చూపించడానికి జావా సర్వర్ 'సున్నా నుంచి ఆరు వరకు' అని అంకెలు పంపిందనుకోండి. పైథాన్ సరిగ్గా 'తెలుగు' కత్తిరిస్తుంది. పీహెచ్‌పీలో మామూలు ఫంక్షన్ బైట్లు లెక్కపెడుతుంది గనక ఆరో బైటు దగ్గరే, అంటే 'తె' దగ్గరే ఆగుతుంది. ఎమోజీ తగిలితే జావా, పైథాన్‌లకి కూడా లెక్క కుదరదు, చాలా ఎమోజీలు జావాకి రెండు, పైథాన్‌కి ఒకటి. అందుకే అంకెలు కాకుండా, మాటకి అటూ ఇటూ గుర్తు పెట్టిన పాఠాన్నే పంపడం మేలు. సోలర్ హైలైటింగ్ చేసేది అదే. పత్రంలో 'కోడ్ పాయింట్లు', 'బైట్లు' అని విడివిడిగా రాయండి, 'అక్షరాలు' అనొద్దు.

'పత్రం సంఖ్య' అన్న మాట ఉంటే అదీ తీసేయండి. సంఖ్య అనగానే జావాస్క్రిప్ట్ వాళ్లు దాన్ని నెంబరుగానే చదువుతారు. 9007199254740993 అని పంపితే, అంత పెద్ద నెంబరుని అది కచ్చితంగా పట్టుకోలేక చివరి అంకె 2గా మారిపోతుంది, ఎర్రర్ కూడా రాదు. వేరే పత్రం తెరుచుకున్నాక గానీ తెలియదు. 'ఐడీ' అని పేరు పెట్టి, స్ట్రింగ్‌గా (నెంబరుగా కాక, వట్టి పాఠంగా) పంపండి.

అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. శీర్షిక, అక్షరాలు, సంఖ్య మూడూ మారుస్తున్నాం. చివరిగా, బటన్ మీద 'శోధించు' బాగుంటుందా, 'అన్వేషించు' బాగుంటుందా?

జవాబు:
'వెతుకు' చాలు. అన్వేషణ అంటే నాకు సీతాన్వేషణే గుర్తొస్తుంది, పాత సర్క్యులర్ కోసం అంత దూరం వెళ్లక్కర్లేదు.