సమస్యాపూరణం: “నీరు చెడక చేప నిలువఁబోదు”

నిర్వాహకుడు, విజయనగరం:

సభ్యులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలదిలో నాల్గవ పాదం.

నీరు చెడక చేప నిలువఁబోదు

నీరు చెడితే చేప చస్తుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. అలాంటప్పుడు నీరు చెడకపోతే చేప నిలువదనడం ఎలా కుదురుతుందన్నదే ఇక్కడి చిక్కు. ఈ పాదం మా వసారా గదిలో కొత్తగా పెట్టుకున్న గాజుతొట్టి ముందు కూర్చున్నప్పుడు నాకు తట్టింది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల ఆ తొట్టిలో అంచు దాకా పోస్తే దాదాపు 56 లీటర్ల నీరు పడుతుంది. ఇసుక, రాళ్ళు, గాజు కలుపుకొంటే బరువు 70 కిలోలు దాటుతుంది కనుక పాత చెక్కబల్ల మీద పెట్టే ఆలోచన మానుకొని ఇనుప స్టాండు చేయించాను. అడుగున రెండంగుళాల మందాన, నీరు తేటగా దిగే వరకు కడిగిన నాగావళి ఇసుక పరచి, వెనుక వరుసలో వాలిస్నేరియా, పక్కన హైడ్రిల్లా, ముందువైపు రెండు క్రిప్టోకోరిన్ మొక్కలు నాటాను. చేప మాత్రం ఇంకా ఒక్కటీ లేదు. మా మనవరాలు బడి నుంచి రాగానే రోజూ “ఇంకా ఎన్నాళ్ళు, తాతయ్యా?” అని అడుగుతోంది. దానికి నేనిచ్చే సమాధానమే ఈ సమస్య.

పూరణలు తొట్టిని, మొక్కలను, చేపలను విడిచి పోకూడదని మనవి. పదాల విరుపుతో తప్పించుకోవచ్చు కానీ, నేను ముందుగా అర్థాన్నే చూస్తాను.

రాజాం సోదరి:

క్రొత్త తొట్టి నీటఁ గుళ్ళక యాకులు
సూక్ష్మజీవి పెరుగఁ జోటు లేదు
దాని పెంపు లేక తరుగదు విషమెల్ల
నీరు చెడక చేప నిలువఁబోదు

నిర్వాహకుడు:

అమ్మా, సమస్యను ఎదురుగా నిలబడి పరిష్కరించారు. రాలిన ఆకు, మిగిలిన మేత, చేప విసర్జించినది కుళ్ళినప్పుడు నీటిలో అమ్మోనియా పుడుతుంది. దానిని నైట్రోసోమోనాస్ వంటి సూక్ష్మజీవులు నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ను నైట్రోస్పైరా వంటివి నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకు విషాలే. మూడవది కొద్దిపాటిగా ఉంటే చేపకు హాని చేయదు, పైగా మొక్కకు ఎరువవుతుంది. ఈ జీవులు ఇసుక రేణువుల మీద, ఫిల్టర్ స్పాంజిలో, ఆకుల మీద పొరగా పట్టి తగినంతగా పెరగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. వాటికి ఆహారమైన అమ్మోనియా ముందుగా నీటిలో చేరకపోతే అవి పెరగవు. అంటే నీరు ఒకసారి చెడి, ఆ చెడును తినే జీవులు పుట్టిన తరువాతే అది చేపకు ఇల్లవుతుంది. మీ మూడవ పాదం ఈ క్రమాన్ని నాలుగు మాటలలో పట్టింది.

ఛందస్సులో లోపం లేదు. రెండవ పాదంలో సూ–జో యతి కూడా చెల్లింది. నా అభ్యంతరం “చోటు” అనే మాట మీద. కొత్త తొట్టిలో సూక్ష్మజీవికి చోటుకేమీ తక్కువ లేదు, ఇసుకంతా ఖాళీగానే ఉంది. లేనిది తిండి. అందువల్ల రెండవ పాదాన్ని ఇలా మార్చి చూడండి:

కూడు లేదు సూక్ష్మకోటి కపుడు

రాజాం సోదరి:

ఆర్యా, “కూడు” అన్న మాటతో పద్యం మన ఇంటి వంటగదిలోకి వచ్చినట్టయింది. సవరణను స్వీకరిస్తున్నాను. నేను “చోటు” అని రాసినప్పుడు స్పాంజిని తలచుకొన్నాను కానీ ఆ ఊహ పద్యంలోకి రాలేదు.

బొబ్బిలి మాస్టారు:

మొక్క లున్న తొట్టి ముత్యమై మెఱయును
ఆకు లెల్ల మలిన మారగించు
కల్లమాట యిద్ది కనుఁగొమ్ము తమ్ముఁడా
నీరు చెడక చేప నిలువఁబోదు

నిర్వాహకుడు:

మాస్టారూ, నమస్కారం. గణాలు, యతులు సరిగ్గా ఉన్నాయి. “మలినము + ఆరగించు” సంధిలో ఆకారానికి యతి నిలిపిన తీరు విద్యార్థులు చూసి నేర్చుకోదగినది. అయితే సమస్యను “కల్లమాట” అని తోసివేయడం పాతకాలం నుంచీ ఉన్న తప్పుకొనే దారి. అవధాని ముందు పృచ్ఛకుడు ఈ ఉపాయాన్ని అంగీకరించవచ్చునేమో కానీ, ఇక్కడ నా మనసు తృప్తి పడలేదు.

బొబ్బిలి మాస్టారు:

బాబూ, అది తప్పుకోవడం కాదు, నా అనుభవం. నా తొట్టిలో హైడ్రిల్లాను చేతులు దూరనంత దట్టంగా నాటాను. నీటిమొక్కలు నైట్రేట్ కన్నా అమ్మోనియం రూపంలోని నత్రజనినే ముందుగా పీల్చుకొంటాయి. నీటిలో అమ్మోనియా ఉంటే రంగు చూపే పరీక్ష చుక్కలు వేసి చూసిన ప్రతిసారీ ఆ రంగు తేలనే లేదు. ఆకులు మలినాన్ని ఆరగిస్తాయన్నది ఆ అర్థంలోనే.

నిర్వాహకుడు:

మీ మాటలో ఉన్న సత్యాన్ని ఒప్పుకోకపోతే నాదే తప్పవుతుంది. వేగంగా పెరిగే మొక్కలు మొదటి రోజు నుంచే దట్టంగా ఉంటే అమ్మోనియా పైకి కనబడకుండానే ఖర్చయిపోతుంది. అయితే దీనికి రెండు షరతులు ఉన్నాయి. మొక్క పెరుగుతూ ఉన్నంత సేపే ఆరగిస్తుంది, దీపం ఆర్పిన తరువాత ఆ పని బాగా మందగిస్తుంది. వెలుతురు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు, అంతకు మించితే మొక్క కన్నా ముందు నాచు పెరుగుతుంది. రెండవది, కొత్త నీటిలో నాటిన మొక్క ముందు తానే కొంత చెడుతుంది. నా క్రిప్టోకోరిన్ మొక్కలు పదవ రోజుకు ఆకులన్నీ కరిగి జిగురైపోయాయి. చచ్చిపోయాయనుకొని పీకబోయి, వేరు గట్టిగా ఉండడం చూసి వదిలేశాను. ఇప్పుడు మొదట్లోంచి ముడుచుకొన్న కొత్త ఆకులు లేస్తున్నాయి. కాబట్టి మీ తొట్టిలో కూడా నీరు ఎంతో కొంత చెడే ఉంటుంది, దానిని మీ హైడ్రిల్లా మీకు కనబడనివ్వలేదు. “కల్లమాట” పాదం బదులు ఈ సంగతినే పెట్టి మరొక పద్యం రాయండి, అది అందరికన్నా మీరే బాగా రాయగలరు.

గజపతినగరం విద్యార్థి:

ఇది నా మొదటి పూరణ, తప్పులుంటే మన్నించండి.

రెండు నాళ్ళ కేను చేపలు విడిచితి
నాల్గు నాళ్ళ కవియె నలఁగి తేలె
తెలిసె నిపుడు నాకుఁ దెలినీటి మర్మమ్ము
నీరు చెడక చేప నిలువఁబోదు

తొట్టి కొన్న చోట, నీళ్ళు పోసిన మర్నాడే చేపలను వేసుకోవచ్చునని చెప్పారు. నేను నమ్మి రెండు బంగారు చేపలను తెచ్చాను.

రాజాం సోదరి:

తమ్ముడూ, నీ పద్యం చదివి మనసు చివుక్కుమంది. మూడవ పాదంలోని “తెలినీటి మర్మమ్ము” అన్న మాట ఈ వారం పూరణలన్నింటిలో నాకు ఎక్కువగా నచ్చింది. కంటికి తేటగా కనబడే నీటిలోనే అమ్మోనియా ఉండవచ్చు, దానికి రంగు లేదు. మొదటి పాదంలో మాత్రం యతి తప్పింది. “రె”కు “చే”తో స్వరం కుదిరినా హల్లు కుదరలేదు. ఇలా అంటే సరిపోతుంది:

రెండు నాళ్ళ కేను రెండు మీల విడువ

రెండు, రెండు, నాల్గు అన్న అంకెలు వరుసగా వచ్చి, జరిగినదాని తొందర కూడా పద్యంలోకి వస్తుంది.

నిర్వాహకుడు:

ఇంతకన్నా మంచి సవరణ నాకు తోచదు. బాబూ, ఒక్క ప్రశ్న. కుళాయి నీటిని పట్టి పట్టగానే పోశావా?

గజపతినగరం విద్యార్థి:

అవునండీ, నేరుగా పైపు పెట్టి నింపాను.

నిర్వాహకుడు:

అయితే నీ చేపల మరణానికి అమ్మోనియా ఒక్కటే కారణం కాకపోవచ్చు. కుళాయి నీటిలో కలిపే క్లోరిన్ చేప మొప్పలను కాలుస్తుంది, మనం పెంచాలనుకొన్న సూక్ష్మజీవులను కూడా చంపుతుంది. వెడల్పు నోరున్న పాత్రలో ఒక రోజు నిలవ ఉంచినా, సోడియం థయోసల్ఫేట్ చుక్కలు వేసినా క్లోరిన్ పోతుంది. ఈ కారణం చేతనే ఫిల్టర్ స్పాంజిని ఎప్పుడూ కుళాయి కింద కడగకూడదు, తొట్టిలోంచి తీసిన నీటిలోనే పిండి మళ్ళీ పెట్టాలి. ఇక బంగారు చేప బాగా పెరిగేది, ఎక్కువ తిని ఎక్కువ విసర్జించేది. నీ తొట్టిలాంటి చిన్న తొట్టికి అది ఎప్పటికీ సరిపడదు. పద్యానికి పూర్తి మార్కులు. తొట్టిని పారవేయకు, అదే నీటితో, మొక్కలతో అలాగే నడిపించు.

చీపురుపల్లి సోదరుడు:

అనూబియాసు వేరు మట్టిలో పూడ్చిన
కాండ మెల్లఁ గుళ్ళి కంపు గొట్టు
పాఠ మట్లు తెలిపెఁ బాడైన యా నీరు
నీరు చెడక చేప నిలువఁబోదు

బొబ్బిలి మాస్టారు:

లఘువు, ఆ వెంటనే గురువు వచ్చేలా మొదలయ్యే గణం సూర్యగణాలలోనూ లేదు, ఇంద్రగణాలలోనూ లేదు. కనుక “అనూబియాసు” అనే నీటిమొక్క పేరుతో ఆటవెలది పాదం మొదలు కాదు, దానికి ముందు రెండు లఘువులు తోడు కావాలి.

మన యనూబియాసు మట్టిలోఁ బాఁతిన

అన్నప్పుడు “మనయ” న గణమై, “నూబి”, “యాసు” హ గణాలై పాదం సాఫీగా నడుస్తుంది. “వేరు” అన్న మాట తొలగిపోవడం కూడా మంచిదే. ఆ మొక్కలో కుళ్ళేది వేరు కాదు, ఆకులకు, వేళ్ళకు నడుమ అడ్డంగా పాకే దుంపలాంటి కాండం. దానిని పూడ్చకుండా రాతికో కర్రకో దారంతో కడితే వేళ్ళు తామే పట్టుకొంటాయి. జావా ఫెర్న్ అనే నీటిమొక్క సంగతీ ఇంతే.

శ్రీకాకుళం రసాయనశాస్త్ర అధ్యాపకుడు:

గాజుకుండలోనఁ గసవు కుళ్ళిన వేళ
నత్త వచ్చి దాని నమిలివేసె
వారి తేరెఁ, గాంచె వారింగ్ట నీ మాట
నీరు చెడక చేప నిలువఁబోదు

ఇంగ్లండులో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయనవేత్త గాజుపాత్రలో బంగారు చేపలను, వాలిస్నేరియాను కలిపి పెంచి, ఆ ఫలితాలను 1850లో ప్రకటించాడు. మొక్క ప్రాణవాయువును ఇస్తే చాలుననుకొన్నాడు కానీ, దాని ముదురు ఆకులు కుళ్ళి నీరు మురికి పట్టింది. చెరువు నత్తలను వదిలాక అవి ఆ కుళ్ళును తిని నీటిని నిలబెట్టాయి. ఆయన తొట్టిలో నీరు చెడకపోయి ఉంటే ఈ మూడవ ప్రాణి అవసరం తెలిసేది కాదు.

నిర్వాహకుడు:

ఆర్యా, నీరు అనే అర్థం గల “వారి”కి, “వారింగ్టన్”కు యతి కుదర్చడం చూసి ఆనందించాను. నా కిటికీ పక్క పెరుగుతున్న వాలిస్నేరియాయే ఆయన పాత్రలోనూ ఉన్నదని తెలిసి మా మనవరాలికి చెప్పాను. ఒక్క లోపం చెప్పక తప్పదు. నత్త ఆకును నమిలినంత మాత్రాన అమ్మోనియా పోదు, నత్త కూడా విసర్జిస్తుంది. నీటిని నిజంగా నిలబెట్టిన సూక్ష్మజీవి ఆయన కంటికి కనబడలేదు, పద్యంలోనూ కనబడలేదు.

శ్రీకాకుళం రసాయనశాస్త్ర అధ్యాపకుడు:

నిజమే. అమ్మోనియా నైట్రేట్‌గా మారడం జీవుల పనేనని ష్లోసింగ్, మ్యూంట్స్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు 1877లో చూపారు. ఆ తరువాత అదే విషయాన్ని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనశాలలో ఏళ్ళ తరబడి పరిశీలించినవారిలో ఈ వారింగ్టన్ కుమారుడు ఉన్నాడు, ఆయన పేరూ రాబర్ట్ వారింగ్టనే. తండ్రి పాత్రలో కనబడకుండా జరిగిన పనిని కొడుకు మట్టిలో వెదికాడు. దానిని ఆటవెలదిలో ఇమడ్చడం నా వల్ల కాలేదు.

నిర్వాహకుడు:

ఈ సంగతి తెలిసినందుకే ఈ సమస్య ఇచ్చిన శ్రమ తీరింది. ఇక నా పూరణ, మీ పరిశీలనకు:

మూడు పక్షములుగ మొక్కలే కాపులు
చేప తిండి కుళ్ళి చెడును నీరు
చెడిన దద్ది మరల జీవమ్ముఁ బోయును
నీరు చెడక చేప నిలువఁబోదు

రాజాం సోదరి:

“మొక్కలే కాపులు” అన్నప్పుడు కాపురం ఉండేవారు, కాపలా కాసేవారు అన్న రెండు అర్థాలూ వచ్చి బాగుంది. కానీ రెండవ పాదం చివర “చెడును నీరు” అనేయడంతో సమస్యలోని మెలిక ముందే విడిపోయింది. నాల్గవ పాదానికి చదువరి చేరేసరికి ఆశ్చర్యం మిగలదు. అదీగాక, ఖాళీ తొట్టిలో చేప తిండి ఎందుకు కుళ్ళుతుందో తెలియనివారికి అర్థం కాదు.

నిర్వాహకుడు:

రెండు అభ్యంతరాలూ న్యాయమైనవే, రెండవ పాదాన్ని తిరిగి రాస్తాను. చేపలు లేకపోయినా రెండు రోజులకొకసారి చిటికెడు మేత వేసి కుళ్ళనిస్తున్నాను, సూక్ష్మజీవులకు కూడు అందాలని. చిటికెడు కన్నా ఎక్కువ వేసినప్పుడు ఇసుక మీద తెల్లని బూజు పట్టింది, దానిని సన్నని గొట్టంతో లాగివేయవలసి వచ్చింది. ఇప్పటికి ఆరు వారాలు నిండాయి. నిన్న అమ్మోనియా సున్నాకు దిగింది, నైట్రైట్ రంగు మాత్రం ఇంకా ఊదాగానే ఉంది. అదీ సున్నా చూపి వారం నిలిస్తే ముందు ఐదు జీబ్రా డానియోలను తెస్తాను. అవి మన దేశపు ఏరులలో గుంపుగా తిరిగే చిన్న చేపలు, గట్టి ప్రాణాలు. సంచిని అరగంట తొట్టి నీటిపై తేలనిచ్చి, తొట్టి నీటిని కొద్దికొద్దిగా అందులో కలుపుతూ ఆ తరువాతే వదలాలి. ఆదివారం పరీక్ష చుక్కలు వేసేది మా మనవరాలు. రంగు ఏమి వచ్చిందో తానే ఇక్కడ రాస్తానని పట్టుబట్టింది.